తోలు బొక్కెన కుట్టినవాళ్ళ ధైర్యం

(ఒంగోలులో జరిగిన ఒక యువజన కూడికలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. పెద్దలకు, అమ్మలకు, సెలవులకు ఊరొచ్చి ఈ సాయంత్రం ఇక్కడ కూర్చున్న పిల్లలందరికీ వందనాలు.

కూడిక మొదలుకాక ముందు ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. "అయ్యగారూ, నేను క్రైస్తవురాలినని మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. చెప్పాలంటే టెన్షన్‌గా ఉంటుంది. నాకు ధైర్యం రావాలని ప్రార్థన చేయండి" అంది. తప్పకుండా చేద్దామమ్మా అన్నాను. అయితే నేను వేరే సంగతి మాట్లాడదామని వచ్చాను. ఆ అమ్మాయి మాట విన్నాక ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఈ సాయంత్రం ఆ అమ్మాయి అడిగినదాని గురించే మాట్లాడతాను.

మనం ధైర్యం అనగానే మైకు గుర్తొస్తుంది. గొంతు పెద్దది చేసి, చేతులు ఊపి, ఎదుటివాడు నోరెత్తకుండా మాట్లాడేవాడిని ధైర్యవంతుడు అనుకుంటాం. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయం తీయండి. పేతురు, యోహాను యూదుల మహాసభ ముందు నిలబడ్డారు. అక్కడ కూర్చున్నది ఎవరు? ప్రధానయాజకులైన అన్న, కయప. కొన్నాళ్ళ కిందట యేసును మరణానికి అప్పగించినవాళ్ళే. ఆ ప్రధానయాజకుడి ఇంటి ముంగిట్లోనే చలి కాచుకుంటూ, ఒక పనిపిల్ల అడిగిన ఒక్క ప్రశ్నకు బెదిరి, ఆయనెవరో నాకు తెలియదని బొంకిన మనిషి పేతురు. ఇప్పుడు అదే మనుషుల ముందు నిలబడి, మీరు సిలువ వేసిన ఆయన పేరు మీదే ఈ కుంటివాడు బాగుపడ్డాడు అని చెబుతున్నాడు. వాళ్ళకు ఆశ్చర్యం వేసింది. ఎందుకంటే వీళ్ళు విద్యలేని పామరులు. ఏ గురువు దగ్గరా కూర్చుని ధర్మశాస్త్రం చదివినవాళ్ళు కారు, వలలు లాగినవాళ్ళు.

అక్కడ ధైర్యం అని మన బైబిల్లో ఉన్న చోట గ్రీకులో పర్రేసియా అనే మాట ఉంది. దాపరికం లేకుండా, నలుగురిలో, ఉన్నది ఉన్నట్టు మాట్లాడటం అని దాని భావం. గ్రీకు పట్టణాల్లో సభలో నిలబడి మాట్లాడే హక్కు ఉన్న పౌరుడి గురించి ఆ మాట వాడేవారు. ఈ పుస్తకం రాసిన లూకా ఆ మాటను తీసుకెళ్ళి ఇద్దరు చేపలవాళ్ళకు కట్టాడు. సభలో నోరు తెరిచే హక్కు ఎన్నడూ లేనివాళ్ళకు!

వాళ్ళను బెదిరించి వదిలేశారు. వీళ్ళు తమవాళ్ళ దగ్గరికి వెళ్ళి ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన ఇంటికి వెళ్ళాక ఒకసారి చదవండి. ప్రభువా ఆ బెదిరింపులు ఆపు అని వాళ్ళు అడగలేదు. కయపను దించెయ్యి అని అడగలేదు. వాళ్ళ బెదిరింపులు నువ్వు చూస్తూ ఉండు, మాకు మాత్రం నీ మాట చెప్పే ధైర్యం ఇవ్వు అన్నారు. ఆ అమ్మాయి నన్ను అడిగింది కూడా సరిగ్గా అదే. ఆఫీసు మార్చమని అడగలేదు.

యెరూషలేము సంగతి అంత దూరం అనిపిస్తుందేమో. కిటికీలోంచి చూడండి, ఆ కొండ మీకందరికీ తెలుసు. 1854 జనవరి ఒకటో తేదీ, తెల్లవారుజామున ఆ కొండ ఎక్కినవాళ్ళు ఐదుగురు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు. నెల్లూరులో ఏళ్ళ తరబడి పని చేసినా ఫలితం కనిపించక, ఆ మిషన్‌ను మూసేయాలా వద్దా అని అమెరికాలో పెద్దలు చర్చించుకుంటున్న రోజులవి. ఆ ఐదుగురు కింద ఉన్న ఒంగోలు కోసం ప్రార్థన చేసి దిగారు. అందుకే దాన్ని ప్రార్థన కొండ అంటున్నాం. ఆ కథ మీరు ప్రతి జనవరిలో వింటారు కాబట్టి దాని మీద ఎక్కువసేపు ఆగను. నేను చెప్పదలచుకున్నది కొండ ఎక్కినవాళ్ళ గురించి కాదు, కొండకు నలభై మైళ్ళ అవతల ఒక మాదిగవాడలో ఉన్న మనిషి గురించి.

ఆయన పేరు ఎర్రగుంట్ల పేరయ్య. ఊరు తాళ్ళకొండపాడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. చదువు లేదు. కానీ దేవుణ్ణి వెతికిన మనిషి. రాజయోగం సాధన చేశాడు, గురువుల దగ్గర కూర్చున్నాడు. మాదిగవాడల్లో అప్పట్లో అలాంటి వెతుకులాట చాలా ఉండేది. అది మనం మరిచిపోకూడదు. మన పూర్వీకులు ఏమీ తెలియక, ఎవరో వచ్చి చెబితే తల ఊపినవాళ్ళు అనుకునేవాళ్ళకు పేరయ్య జీవితమే జవాబు. తోళ్ళు కొనడానికి ఏలూరు వైపు వెళ్ళినప్పుడు యేసు సంగతి ఆయన చెవిన పడింది. విన్నది ఊరికి తెచ్చుకున్నాడు. 1866లో ఒంగోలులో జ్యూయెట్ దొరగారి చేతుల మీదుగా ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. తర్వాత ఇంటికి వెళ్ళిపోయారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇంటికి వెళ్ళిపోయారు అన్నాను. పేరయ్యకు మిషన్ బంగళాలో గది లేదు. జీతం లేదు. పక్కన దొరగారు లేరు. నలభై మైళ్ళ అవతల, తన తాతలనాటి వాడలో, తన పొట్ట ఎవరి చేతిలో ఉందో వాళ్ళ మధ్యకే తిరిగి వెళ్ళాడు. వెళ్ళి తనవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాడు. ఒంగోలులో మిషనరీగా ఉన్న క్లౌ దొరగారు 1867 జనవరిలో ఆ ఊరికి వెళ్ళేసరికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం అన్నం మూటలు, బట్టల మూటలు కట్టుకుని వచ్చి ఉన్నారు. ఉండి నేర్చుకోవడానికే వచ్చారు. చింతతోపులో డేరా వేశారు. కొన్ని రోజులు బోధ జరిగాక ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. ఆ నెల మొదటి తేదీన ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది, ఆ నెలలోనే ఆ చింతతోపులో ఇరవై ఎనిమిది మంది! చరిత్ర పుస్తకాల్లో క్లౌ గారి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఉండాల్సిందే. కానీ ఆ తోపులో విత్తనం చల్లింది పేరయ్య.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది.

బాప్తిస్మం పొందేవాళ్ళకు క్లౌ గారు మూడు మాటలు చెప్పేవారు. ఆదివారం పని చేయవద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు. విగ్రహాలకు మొక్కవద్దు. ఇప్పుడు మనకు ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. ఆనాటి ఊళ్ళో పెట్టి చూడండి. మాదిగ అంటే ఊరికి కట్టుబడి ఉన్న మనిషి. రైతుకు చెప్పులు కుట్టాలి, ఎద్దులకు పలుపులు, నాగలికి తోలు పట్టెలు చేయాలి, కపిల బావికి తోలు బొక్కెన కుట్టాలి. కబురు రాగానే పనికి పోవాలి. అమ్మవారి కొలుపుల్లో డప్పు కొట్టాలి. దీనికి బదులు కళ్ళం దగ్గర కాసిన్ని గింజలు మేరగా వస్తాయి, గొడ్డు చస్తే ఆ కళేబరం వస్తుంది. ఇది వాళ్ళ జీతం, వాళ్ళ తిండి. ఆదివారం రాను అంటే ఊరి లెక్క తప్పింది. డప్పు కొట్టను అంటే ఊరి పండుగ ఆగింది. కళేబరం ముట్టను అంటే, నువ్విచ్చే కూలి నాకొద్దు అని ముఖం మీద చెప్పినట్టయింది.

ఒక మాట. డప్పు తప్పు అని నేను చెప్పడం లేదు. ఈ రోజు మన పిల్లలు గర్వంగా డప్పు కొడుతుంటే నా గుండె పొంగుతుంది, మన సంఘాల్లో పాటకు డప్పు మోగాలని కోరుకునేవాడిని. ఆనాడు వాళ్ళు కాదన్నది వెట్టిని. నీకిష్టం ఉన్నా లేకపోయినా కొట్టి తీరాలి అనే ఆజ్ఞను.

ఊరు ఏం చేసింది? కొట్టడం, చంపడం వరకు పోనక్కర్లేదు. అంతకంటే తేలికైన ఆయుధం ఊరి చేతిలో ఉంది. బావి దగ్గరికి రావద్దన్నారు. బజారుకు రావద్దన్నారు. చాకలిని వీళ్ళ బట్టలు ముట్టవద్దన్నారు, కుమ్మరిని వీళ్ళకు కుండ అమ్మవద్దన్నారు. పశువులను ఊరి బీడులో మేయనివ్వలేదు. తోలు పని ఇవ్వం అన్నారు. కోతలకు పిలవం, మేర ఇవ్వం అన్నారు. తప్పుడు కేసులు పెట్టారు.

నాకు ఇందులో బావి సంగతి దగ్గర మనసు ఆగిపోతుంది. ఊరి పొలాలకు నీళ్ళు తోడే తోలు బొక్కెనను కుట్టింది ఈ చేతులే. ఆ బొక్కెన బావిలోకి దిగి పైకి వస్తుంటే చూస్తూ నిలబడాలి తప్ప ఒక్క కడవ నీళ్ళు దొరకవు. మా నాయనమ్మ ఎండాకాలం వస్తే పెరట్లో కుండ పెట్టి, దారినపోయే ఎవరినైనా పిలిచి నీళ్ళు ఇచ్చేది. కులం అడిగేది కాదు. ఎందుకే అంటే, "మనకు ఇయ్యలేదు కదరా, అందుకని మనం ఇయ్యాలి" అనేది. ఆమె ఒక్క అక్షరం చదవలేదు. నేను చదువుకున్న వేదాంత కళాశాలలో ఎవరూ నాకు అంత సూటిగా సువార్త చెప్పలేదు.

ఆనాటి మనుషులు ఊరు విడిచి పారిపోలేదు, ఊరి మీద తిరగబడలేదు. మిగిలిన ఆరు రోజులూ ఒళ్ళు వంచి పని చేశారు. ఆదివారం మాత్రం కూర్చున్నారు. ఆ కూర్చోవడమే సాక్ష్యం. ఊరి పెద్ద అడిగినట్టు ఒక్కసారి ఆ మాట వెనక్కి తీసుకుంటే చాలు నీళ్ళు వస్తాయి, గింజలు వస్తాయి. ఇంట్లో పిల్లవాడు దాహమని ఏడుస్తున్నాడు. ఆ తల్లి రెండు మైళ్ళు నడిచి వాగులో చెలమ తీసి నీళ్ళు తెచ్చుకుంది గానీ, నేను యేసును ఎరగను అని అనలేదు. ఆ తల్లుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఈ గదిలో కూర్చున్న మనలో చాలామంది ఆ తల్లుల మనవళ్ళం, మునిమనవళ్ళం.

వ్యతిరేకత ఊళ్ళ నుంచి మాత్రమే రాలేదు. ఒంగోలులో పై కులాలవాళ్ళు కొందరు మొదట్లో క్లౌ గారి దగ్గరికి వచ్చేవారు, పిల్లలను బడికి పంపేవారు. మాదిగలు వస్తున్నారని తెలియగానే వాళ్ళు చెప్పేశారు, వీళ్ళను చేర్చుకుంటే మేం రాం అని. క్లౌ గారు చాలా కలత పడ్డారు. పై కులాలవాళ్ళు వస్తే ఊరంతా వస్తుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ రోజు ఆయన ఒక గదిలో, ఆయన భార్య హారియెట్ దొరసానిగారు వేరొక గదిలో ఉండి, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిల్ తీశారు. ఇద్దరికీ వచ్చింది ఒకే చోటు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం, ఇరవై ఆరో వచనం నుంచి. లోకం దృష్టిలో జ్ఞానులను, గొప్పవాళ్ళను కాకుండా, ఎన్నికలేనివాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడనే మాట. వాళ్ళు మాదిగలను చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది. అది వాళ్ళు చెల్లించిన వెల. విశ్వాసం కోసం నీళ్ళు వదులుకున్నవాళ్ళు ఒక పక్క, పరువు వదులుకున్నవాళ్ళు ఇంకో పక్క. ఈ రెండో రకం ధైర్యం ఈ రోజు మన సంఘాలకు ఎక్కువ అవసరమని నా నమ్మకం. ఎందుకంటే మన సంఘాల్లోనే ఇంకా మాల చర్చి, మాదిగ చర్చి, రెడ్ల చర్చి అనే మాటలు వినబడుతున్నాయి. బయటివాళ్ళ ముందు ధైర్యం కావాలని అడిగే ముందు, మన లోపల ఉన్న ఈ గోడ ముందు నోరు తెరవాలి.

తర్వాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిని ఊడ్చేసిన కరువు. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పెట్టి పని ఇచ్చింది. క్లౌ గారు అందులో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నారు, వేలమందికి కూలి దొరికేలా చూశారు. మన బోధకులు అక్కడ పని చూసేవాళ్ళు, సాయంత్రం కూలీలతో కూర్చునేవాళ్ళు. జనం బాప్తిస్మం కావాలని వచ్చారు. క్లౌ గారు పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని, తిండి కోసం ఎవరూ రాకూడదని. కూలిపని, సాయం ఆగిపోయాక వచ్చినవాళ్ళనే తీసుకున్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులో 2,222 మంది. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకేసారి ఇద్దరేసి నీళ్ళలో దిగి, అలిసినప్పుడు మారుతూ బాప్తిస్మం ఇచ్చారు.

గంజి కోసం మతం మారారు అనే మాట మీరు ఇప్పటికీ వింటారు. కాలేజీలో వింటారు, ఫోన్‌లో వింటారు. ఆ మాటకు కోపం తెచ్చుకోవద్దు. ఆకలి ఆకలే, ఆకలిగొన్నవాడు తనకు అన్నం పెట్టినవాడి దేవుడి గురించి తెలుసుకోవాలనుకుంటే అందులో సిగ్గుపడాల్సింది నాకు కనబడదు. కానీ తేదీలు చూడమనండి. కరువుకు పదేళ్ళ ముందే తాళ్ళకొండపాడు చుట్టుపక్కల మనుషులు ఈ విశ్వాసం కోసం ఉన్న గంజినే పోగొట్టుకున్నారు. వాళ్ళకు దొరికింది ఏమీ లేదు, పోయింది మాత్రం బావి, బజారు, మేర.

ఇక మనకాలం సంగతి. మన దగ్గర వ్యతిరేకత అన్నిసార్లూ కర్ర పట్టుకుని రాదు. కొన్నిసార్లు కాగితం రూపంలో వస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతంలో ఉన్న దళితులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో మారినవాళ్ళు బీసీ-సీ కిందికి వస్తారు, ఒక్క శాతం రిజర్వేషన్. 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని మన శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. దానికోసం అడగడం మన హక్కు, అడుగుదాం. ఈలోగా ఒక పిల్లవాడు అప్లికేషన్‌లో మతం అనే గడి దగ్గర పెన్ను పట్టుకుని కూర్చుంటాడు. పక్కన వాళ్ళ నాన్న నిలబడి ఉంటాడు. ఆ తండ్రిని నేను వేలెత్తి చూపలేను. ఆ పిల్లవాడి చదువుకు ఫీజు నేను కట్టడం లేదు కదా. కానీ ఆ పెన్ను, ఆనాటి బావి ఒకటే. దాని దగ్గర ఆ కుటుంబాన్ని ఒంటరిగా నిలబెట్టి, మనం లోపల కూర్చుని ధైర్యం గురించి పాటలు పాడుకుంటే సంఘం తప్పు చేసినట్టే. నిజం రాసి నష్టపోయిన పిల్లవాడి ఫీజు సంఘం కట్టాలి. చందా పుస్తకంలో దానికొక పేజీ ఉండాలి. ఈ మాట పెద్దలకు చెబుతున్నాను.

పిల్లలకు ఒక మాట. ధైర్యం పేరుతో ఎవరి దేవుణ్ణీ, దేవతనూ తిట్టవద్దు. అపొస్తలుల కార్యములు పంతొమ్మిదో అధ్యాయంలో ఎఫెసులో పెద్ద అల్లరి జరిగింది. అర్తెమి దేవి పేరు మీద ఊరంతా రెండు గంటలపాటు కేకలు. చివరికి ఆ పట్టణపు కరణం, మన విశ్వాసి కాని మనిషి, లేచి జనంతో ఏమన్నాడు? ఈ మనుషులు గుడి దోచినవాళ్ళు కారు, మన దేవతను దూషించినవాళ్ళు కారు అన్నాడు. పౌలు ఆ ఊళ్ళో రెండేళ్ళకు పైగా బోధించాడు. అన్నాళ్ళు బోధించినా ఎదుటిపక్షం వాడే అతని తరఫున ఆ సాక్ష్యం చెప్పగలిగాడు. మీ వాట్సాప్ చూసి మీ హిందూ స్నేహితుడు, మీ ముస్లిం స్నేహితుడు మీ గురించి ఆ మాట చెప్పగలడా? పేతురు తన పత్రికలో, మీ నిరీక్షణకు కారణం అడిగినవాళ్ళకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి అని రాసి ఊరుకోలేదు, సాత్వికంతో చెప్పండి అన్నాడు. అడిగినవాళ్ళకు అన్నాడు కూడా. అడగాలంటే ముందు మన బతుకులో ఏదో కనిపించాలి.

అమ్మా, నీ దగ్గరికి వస్తున్నాను. నువ్వు రేపు ఆఫీసులో కుర్చీ ఎక్కి ప్రకటించాల్సిన పని లేదు. పేరయ్య కూడా అలా చేయలేదు. సోమవారం ఎవరో ఒకరు, నిన్న ఆదివారం ఏం చేశావు అని అడుగుతారు. ఇన్నాళ్ళూ ఏం చెప్పావు? ఇంట్లోనే ఉన్నాను అని చెప్పి ఉంటావు. ఈసారి గుడికి వెళ్ళాను, చర్చికి, అని చెప్పు. అంతే. వాళ్ళు నవ్వితే నవ్వనీ. ఒకరిద్దరు దూరం జరిగితే బాధగా ఉంటుంది, ఆ బాధ నిజమే, అది లేదని నేను చెప్పను. ఆ రోజు సాయంత్రం మాలో ఎవరికైనా ఫోన్ చెయ్యి. పేతురు, యోహాను విడుదల కాగానే ఎక్కడికి వెళ్ళారో చూశాం కదా, తమవాళ్ళ దగ్గరికి. వాళ్ళు ఒంటరిగా ధైర్యం తెచ్చుకోలేదు.

వచ్చే నెల రెండో ఆదివారం కూడికలో ఐదు నిమిషాలు నీకోసం ఉంచుతాం. ఏం జరిగిందో వచ్చి చెప్పు. బాగా జరిగినా, జరగకపోయినా.

అందరూ నిలబడండి. పక్కన ఉన్నవాళ్ళ చేయి పట్టుకోండి. అపొస్తలులు ఆ రోజు చేసిన ప్రార్థననే మన మాటల్లో చేద్దాం. ప్రభువా, వాళ్ళ బెదిరింపులు నువ్వు చూస్తున్నావు...